గీత అవతల యానాం

నీలపల్లి దాటిన కాసేపటికి ఎదురొచ్చిన స్కూటర్ నెంబరు ప్లేటు మీద ఏపీ బదులు పీవై 04 అని ఉంది. అంతే తేడా. పొలాలు అవే, కొబ్బరిచెట్లు అవే, బస్సులో వినబడేది అదే గోదావరి యాస. బాబాయి మాత్రం సీట్లో నిటారుగా సర్దుకుని, "ఇక్కణ్ణించి పాండిచ్చేరి అమ్మాయ్" అన్నాడు. అసలు పాండిచ్చేరి నగరం అక్కడికి రోడ్డు మీద దాదాపు 870 కిలోమీటర్ల దూరంలో ఉంది.

బాబాయి కాకినాడలో తపాలా శాఖలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. యానాం పిన్‌కోడు 533464. అంటే ఉత్తరాల లెక్కలో అది తూర్పుగోదావరి ఊరే. ఫోను కోడు కూడా కాకినాడదే. చట్టం, పన్ను, ఎమ్మెల్యే మాత్రం పుదుచ్చేరి వైపు. అక్కడి అసెంబ్లీలో ఎన్నికయ్యే 30 స్థానాల్లో యానాంది ఒకటి. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. ఒక పక్క కాకినాడ జిల్లా, గౌతమీ గోదావరి దాటితే కోనసీమ జిల్లా.

"దొడ్డమ్మ పెళ్ళి జరిగిన ఊరు చూపిస్తాను, రా" అని ఆయన పిలిస్తే ఆగస్టు చివర్లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాను. దొడ్డమ్మ అంటే మా నాయనమ్మ అక్క. నేను చూసేనాటికి ఆవిడ పెద్ద ముసలావిడ. మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. తెల్లచీర తప్ప ఇంకో చీరలో ఆవిడని నేనెప్పుడూ చూడలేదు.

నీలపల్లికి ముందే, దారిలో కోరంగి అనే ఊళ్ళో దిగాం. దిగకపోతే యానాం సగమే అర్థమవుతుంది. రోడ్డు పక్కనే మడ అడవుల్లోకి చెక్కబాట ఉంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు వెళ్ళాం కాబట్టి నీళ్ళు దిగిపోయి, బురదలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరివేళ్ళు కనబడ్డాయి. 1978 నుంచి ఇది అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టి తినే బావురుపిల్లికి ఇది పెద్ద ఆశ్రయం. మాకు పిల్లి కనబడలేదు, బురదలో దాని అడుగుల గుర్తులు చూపించారు.

ఈ నిశ్శబ్దమైన చోట ఒకప్పుడు రేవు ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. ఓడలు కట్టేవాళ్ళు, దెబ్బతిన్న ఓడలని ఒడ్డుకు లాగి బాగుచేసేవాళ్ళు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు 1708లోనే బట్టల వ్యాపారానికి కోఠీ పెట్టారు. 1789లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేసింది. 'సైక్లోన్' అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన రాతల్లో ఈ ఉప్పెన గురించి ప్రత్యేకంగా చెప్పాడు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకోటి. ఆ రెండో దెబ్బ నుంచి కోరంగి తేరుకోలేదు. ఉప్పెనలకు తోడు గోదావరి తెచ్చే ఒండ్రు ఏటిని పూడ్చుకుంటూ వచ్చింది. అదే ఒండ్రు, ఇసుక సముద్రంలోకి పోయి పొడుగాటి తిప్పగా పెరిగాయి. దాన్నే ఇప్పుడు హోప్ ఐలాండ్ అంటున్నారు. అది అలలకు అడ్డంగా ఉండబట్టే కాకినాడ రేవుకి అంత నెమ్మది. కోరంగి పోగొట్టుకున్నది కాకినాడకి దక్కింది.

కోరంగి పేరు మాత్రం సముద్రాలు దాటింది. 1843లో 'కోరంగా ప్యాకెట్' అనే ఓడ ఇక్కణ్ణించి తెలుగువాళ్ళని మారిషస్ చెరుకు తోటలకు తీసుకెళ్ళింది. అంతకు ముందే, 1820ల చివర్లో, ఫ్రెంచివాళ్ళు యానాం నుంచి కూలీలను రీయూనియన్ దీవికి పంపారు. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళని చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచారు. ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. ఆ చెక్కబాట చివర నిలబడి ఏటి వైపు చూస్తుంటే, ఇక్కడ పడవెక్కిన మనిషికి తాను ఎంత దూరం పోతున్నాడో ఎవరైనా చెప్పి ఉంటారా అనిపించింది. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

యానాంలో దిగేసరికి పదకొండు దాటింది. కూడలిలో ఎర్రటోపీ పెట్టుకున్న కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఫ్రెంచి కాలం నాటి ఆ టోపీని పుదుచ్చేరి పోలీసులు ఇప్పటికీ వాడతారు. బాబాయి నా భుజం తట్టి, "దొడ్డమ్మకి ఆ పెళ్ళిలో గుర్తున్నది ఇదొక్కటే" అన్నాడు.

1932లో ఆవిడకి తొమ్మిదేళ్ళు. అప్పటికి రెండేళ్ళ కిందటే, 1930 ఏప్రిల్ 1 నుంచి, బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష. ఫ్రెంచివాళ్ళ యానాంలో ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి బళ్ళు కట్టుకుని, పడవలెక్కి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. ఊరికి కల్యాణపురం అని పేరు పడింది. పురోహితులకు, వంటవాళ్ళకు, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకు, పడవలవాళ్ళకు చేతినిండా పని. దొడ్డమ్మని రాత్రిపూట కాలువలో పడవ మీద తెచ్చారట. నిద్ర లేచేసరికి రేవులో ఎర్రటోపీ పోలీసు కనబడ్డాడు, భయమేసి ఏడ్చిందట. పద్నాలుగో ఏట భర్త పోయాడు. అత్తవారిల్లు ఆవిడ చూడనేలేదు. చట్టం ప్రకారం పెళ్ళి చెయ్యదగిన వయసు వచ్చేసరికి ఆవిడ వితంతువు. కొద్ది మైళ్ళ దూరంలో ఆ సరిహద్దు గీత లేకపోయి ఉంటే ఆవిడ బతుకు ఇంకోలా ఉండేదని నాకు గట్టి నమ్మకం.

ఏ ఇంట్లో పెళ్ళి జరిగిందో బాబాయికీ తెలియదు. మీసాల వెంకన్న గుడిలో దణ్ణం పెట్టుకున్నాం. ఇక్కడి వేంకటేశ్వరస్వామికి మీసాలుంటాయి. అక్కణ్ణించి 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చికి నడిచాం. ఎత్తయిన తలుపులు, లోపల చల్లదనం. ఫ్రెంచివాళ్ళు కట్టినవాటిలో ఊళ్ళో బాగా కనబడేది ఇదే.

వాళ్ళు మొదట 1723లో వచ్చారు, లాభం లేదని 1727లో వదిలేశారు, 1731లో మళ్ళీ వచ్చి స్థిరపడ్డారు. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంని పట్టుకోవడం, సంధి కుదిరినప్పుడు తిరిగి ఇవ్వడం. ఫ్రెంచి ఏలుబడిలో మంగళవారం సంత బాగా సాగేది. మద్రాసు రాష్ట్రపు తెలుగువాళ్ళు ఆ రోజు చూసుకుని విదేశీ సరుకుల కోసం వచ్చేవాళ్ళు. 1947 తర్వాత కూడా ఈ ముక్క ఫ్రాన్స్ చేతిలోనే ఉండిపోయింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో వాలంటీర్లు ఊళ్ళోకి వచ్చి పాలనను చేతిలోకి తీసుకున్నారు. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది భారత్‌లో కలవడానికే వేశారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది. చట్టపరంగా కాగితం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న.

కలిసిపోయినా గీత చెరగలేదు, ఎందుకంటే యానాం ఆంధ్రలో కలవలేదు, కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైంది. ఈ ఊరి ఆర్థికమంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకు మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. పెట్రోలు బంకుల్లో నిలబడ్డ బళ్ళలో ఎక్కువ ఏపీవే. లీటరు మీద మిగిలే ఆ కొన్ని రూపాయల కోసం వచ్చినవాళ్ళు. మద్యం షాపులూ అంతే. అప్పట్లో విదేశీ సరుకు, తర్వాత పెళ్ళిళ్ళు, ఇప్పుడు పెట్రోలు.

నిజమైన పరిశ్రమ కూడా ఒకటి వచ్చింది. దాని గురించి తెలుసుకోవాలనే నేను ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు ఆటో కట్టించుకున్నాను. కొత్త పరిశ్రమలకు కేంద్రపాలిత ప్రాంతం ఇచ్చే రాయితీలు, పక్కనే కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు. ఈ రెండూ ఉన్నచోట టైల్స్ కాల్చడానికి అనువు. 1980ల్లో రీజెన్సీ సిరామిక్స్ అలా ఇక్కడ నిలదొక్కుకుంది. చేపల వేట, కొబ్బరి, కూలి తప్ప ఏమీ ఎరగని ఊళ్ళో నెల జీతం వచ్చే ఇళ్ళు వందల్లో తయారయ్యాయి. 2012 జనవరిలో జీతాల పెంపు కోసం, కాంట్రాక్టు కార్మికుల పర్మినెంటు కోసం ఆందోళన నడుస్తోంది. 27వ తేదీ పొద్దున పోలీసులకూ కార్మికులకూ మధ్య జరిగిన గొడవలో ఒక కార్మిక నాయకుడు చనిపోయాడు. కొన్ని గంటల్లోనే కంపెనీ పెద్ద అధికారి మీద ఆయన ఇంట్లో దాడి జరిగింది, ఆయనా చనిపోయాడు. ఫ్యాక్టరీకి నిప్పు పెట్టారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉత్పత్తి ఆగిపోయింది.

టీకొట్టు నడుపుతున్న ఆయన నేను అడగకుండానే చెప్పాడు. "గ్లేజ్ లైన్లో చేసేవాణ్ణండీ. టైలు బయటికొస్తుంటే చేత్తో తట్టి, మోత విని చెప్పేసేవాళ్ళం, పగులుందా లేదా అని." అని, కొట్టు ముందు గచ్చు మీద వేలితో టకటకా కొట్టి చూపించాడు. అంత పని నేర్చిన చేతులు ఈ ఊళ్ళో ఇంకా ఎన్నున్నాయో! రెండు ప్రాణాలు పోయిన ఆ రోజు గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నేనూ అడగలేదు. టీ డబ్బులు ఎంత ఇచ్చినా పుచ్చుకోలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల చెరువులు. తాళ్ళరేవు నుంచి యానాం దాకా, గోదావరి అవతల ఐ.పోలవరం వైపు ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతూనే ఉంటాయి. పట్టుబడి రోజున లెక్కంతా కౌంటులో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో. కిలోకి 40 తూగితే ఒక ధర, 100 తూగితే ఇంకో ధర. తెల్లమచ్చ తెగులు వస్తే చెరువు మొత్తం కొద్ది రోజుల్లోనే పోతుంది. వరి పండిన పొలం ఒకసారి ఉప్పు చెరువైతే మళ్ళీ వరికి రావడం కష్టమని, పక్క పొలం కూడా చవుడు తేలుతుందని బాబాయి బాధపడ్డాడు. నాకూ ఆ దిగులే పట్టుకుంది.

గౌతమి ఒడ్డున ఊరు చాలా మారింది. రాజీవ్ బీచ్ రోడ్డు, శివలింగం, భరతమాత విగ్రహం, ఈఫిల్ టవర్‌ని తలపించే 100 మీటర్ల స్తంభం. పిల్లలతో వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. మేము వాటిని దాటి పడవల రేవుకి వెళ్ళాం.

వరద గోదారి. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, గడ్డిదుబ్బులు మోసుకుంటూ పోతున్నాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధుల్లో పడవలు తిరిగాయి. 1996 నవంబరు 6 తుపాను ఇక్కడివాళ్ళు ఇంకా ఇంటిపేర్లతో సహా చెబుతారు. వేటకు వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగిరాని రాత్రి అది.

తట్టలో ఒకే ఒక్క పులస పెట్టుకుని కూర్చున్న ఆవిడని ధర అడిగి నోట మాట రాక నిలబడ్డాను. ఆవిడే నవ్వి సర్దిచెప్పింది. "ఎర్రనీరు తగిలితే గానీ గోదాట్లోకి ఎక్కదమ్మా. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలసే. ఏరెదురీదాకే పులసవుద్ది. ఈ ఏడు మాకు పడింది ఇప్పటికి నాలుగే."

"ముందు ఎన్ని పడేవమ్మా?" బాబాయి అడిగాడు.

"మా అత్త ఉన్నప్పుడు ఈ తట్ట మోయలేకపోయేదంటండీ."

ఆవిడ భర్త వల సర్దుతున్నాడు. మొగ పూడిపోతోందని, పడవ సముద్రంలోకి దాటాలంటే పోటు కోసం కాచుకోవాల్సి వస్తోందని చెప్పాడు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. గాడిమొగ అనే ఊరి పేరు కూడా దాన్నించే. 2009 ఏప్రిల్లో సముద్రగర్భం నుంచి గ్యాసు ఒడ్డుకు చేరింది ఆ గాడిమొగ దగ్గరే. అక్కడ మొదలైన పైపులైను దాదాపు 1,400 కిలోమీటర్లు పోయి గుజరాత్‌లోని భరూచ్‌లో ఆగుతుంది. ఇళ్ళకి వెలుగులు, ఫ్యాక్టరీలకి మంట, అన్నీ ఇక్కడి నీటి అడుగు నుంచే. ఈ రేవు మీద మాత్రం ఆవిడ ఇటుకల పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ టీ కాస్తోంది. అది చూసి నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేని కోపం.

చీకటి పడుతుండగా దూరంగా మబ్బుల కింద నారింజరంగు వెలుగు తేలింది. "అదేనండీ గ్యాసు టెర్మినల్," అన్నాడాయన. "మావాడు అక్కడ కాంట్రాక్టరు దగ్గర చేస్తాడు. పనుంటే పిలుస్తారు, లేకపోతే నాతో పడవలోకి వస్తాడు."

"రేపు ఎటు?" అన్నాను.

"రేపు పడవలోకేనండీ. తెల్లారగట్ల మూడింటికి పోటు."

బాబాయి మెట్ల మీద ఇంకాసేపు కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల నిద్రలేచిన రేవు ఇదేనా అని నేను అడగలేదు. కిందికి దిగి, వంగి, ఎర్రనీళ్ళు దోసిట్లో తీసుకుని ఆవిడ పేరు చెప్పి వదిలాడు. ఆఖరి బస్సు ఎనిమిదింటికని ఎవరో కేకేశారు.