ఆ రాత్రి విమానం ఎగరలేదు

న్యుమోనియా ముదిరి, ఎడమ ఊపిరితిత్తికి చిల్లు పడి, ఛాతీలో గొట్టంతో విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్న నన్ను, ఎక్మో (ఊపిరితిత్తుల పనిని ఒంటి బయటి నుంచి చేసే యంత్రం) సదుపాయం ఉన్న హైదరాబాద్ ఆసుపత్రికి తరలించాలని వైద్యులు నిర్ణయించారు. అంతకుముందు జరిగిన పరీక్షలూ మందులూ అందరికీ తెలిసినవే. ఎయిర్ అంబులెన్స్ సాయంత్రమే వచ్చి దిగినా, దారి పొడవునా ఉరుముల మేఘాలు కమ్ముకున్నాయని, తెల్లవారేదాకా బయలుదేరేది లేదని కెప్టెన్ తేల్చి చెప్పిన రాత్రి గురించే రాస్తున్నాను.

నాకు స్పృహ ఉంది. దగ్గినప్పుడల్లా, ఛాతీ గొట్టం రెండో కొస ఉన్న మంచం పక్క సీసా నీళ్లలో బుడగలు లేచేవి. అవి లేస్తున్నాయంటే చిల్లు ఇంకా పూడలేదని అర్థం కాబట్టి, ఆ గుడగుడ శబ్దం వింటూ ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను. అప్పుడే రోగుల తరలింపు చూసే ఉద్యోగి నా భార్యతో, నాకూ వినబడేలా, "పైలట్ భయపడుతున్నాడమ్మా, వేరే కంపెనీ అయితే ఈపాటికి హైదరాబాద్‌లో దింపేసేది" అన్నాడు. ఆమె అక్కడే కూలబడిపోయింది. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇద్దరు ఆడపిల్లల సంగతి చెప్పి బతిమాలతానని మా బావమరిది కెప్టెన్ ఫోన్ నంబరు అడిగితే, విమానంలో వచ్చిన డాక్టరమ్మ ఇవ్వలేదు. "రోగి వయసెంత, పిల్లలెందరు అన్నది ఆయనకు మేం చెప్పమండీ. జాలిపడి మేఘాలను తక్కువ అంచనా వేస్తే మీ బావగారితో పాటు మేమూ మిగలం. ఎగరడానికి మేమంతా ఒప్పుకోవాలి, ఆపడానికి ఒక్కరు చాలు" అన్నారు. 2011 మే 25 రాత్రి పట్నా నుంచి ఢిల్లీకి రోగిని తీసుకువెళ్తున్న చిన్న విమానం, వాతావరణం బాగాలేని వేళ ఫరీదాబాద్‌లో ఇళ్లపై కూలి, అందులోని ఏడుగురూ కింద ఉన్న ముగ్గురూ మరణించారని కోలుకున్నాక చదివినప్పుడు, ఆ ఉద్యోగిపై నా కోపం రెట్టింపైంది.

పొద్దున స్ట్రెచర్ విమానం దగ్గరికి చేరాక డాక్టరమ్మ కెప్టెన్‌ను ఒక కోరిక కోరారు. మామూలుగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నంతే ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఛాతీలో చిక్కుకున్న గాలి మూడో వంతు వరకు వ్యాకోచిస్తుంది. అందుకని నేల మీది ఒత్తిడినే ఉంచమన్నారు. అలా ఉంచాలంటే తక్కువ ఎత్తులో వెళ్లాలి, ఇంధనం ఎక్కువ కావాలి, కుదుపులూ పెరుగుతాయి. ఆయన మారుమాట్లాడకుండా లెక్క మళ్లీ వేసుకుని, ఇంధనం అదనంగా పోయించారు. రాత్రి కెప్టెన్ మాటను ఆమె నిలబెట్టినందువల్లనే ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నారని నా నమ్మకం.

బేగంపేటలో క్షేమంగా దిగాం. సింహాద్రి అప్పన్న దయవల్ల ఎక్మో అవసరం రాలేదు. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే దయచేసి పైలట్‌కు సిఫారసులు చేయించకండి. రోగి ఛాతీలో గాలి చేరిందేమో మాత్రం వైద్య బృందానికి ముందే చెప్పండి. ఆ ఉద్యోగి మాటల గురించి ఆసుపత్రి యాజమాన్యానికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.