బీపీ మాత్రలకి కాజువాలిటీ దేనికి?

ఏ పెద్దాసుపత్రి కాజువాలిటీలోనైనా ముందొచ్చినవాళ్లని ముందు చూడరు, ప్రాణం మీదికొచ్చినవాళ్లని ముందు చూస్తారు. బీపీ మాత్రలు అయిపోయాయని రాత్రి పదింటికి వెళ్తే బెంచీ మీద కూర్చోక తప్పదు. కూర్చోవడం సరే, అక్కడి డ్యూటీ డాక్టరుకి మీ పాత సంగతి తెలీదు, చిక్కంతా దాంతోనే.

కవిటి, సోంపేట, మందస వైపు, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు. ఒళ్లునొప్పులంటే డైక్లోఫెనాక్ ఇంజక్షను పడిపోవచ్చు. కిడ్నీ దెబ్బతింటున్నవాళ్లకి అది పడకూడదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, నిరుడు 0.9, సంక్రాంతికి 1.1, ఇప్పుడు 1.3 అనుకోండి. ఈ 1.3 ఒక్కటే చూస్తే కొంచెం ఎక్కువుందిలే అనిపిస్తుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితేనే కిడ్నీ పనితీరు తగ్గుతోందని తెలుస్తుంది. అలా పెట్టి చూసేది ఎప్పుడూ చూసే డాక్టరే.

ఊళ్లో డాక్టరెక్కడ అంటారా? ఫ్యామిలీ డాక్టరు పద్ధతి 2023 ఏప్రిల్‌లో మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో నెలకి రెండుసార్లు ఊరికి రావాలన్నది అప్పటి లెక్క. ఇప్పుడు ఏ రోజు వస్తున్నారో ఆశా కార్యకర్తని అడగండి. మాత్రలు ఏడు మిగిలినప్పుడే అడగాలి, ఆఖరిది మింగాక కాదు.

పిల్లల జ్వరానికే రాత్రుళ్లు ఎక్కువ కంగారు. పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున, పది కిలోల బిడ్డకి 150. సీసా మీద 5 మి.లీ.కి 125 అనుంటే 6 మి.లీ., 250 అనుంటే 3 మి.లీ. సీసా మారింది చూసుకోకుండా పాత కొలతే పోసేస్తారు, డోసు రెట్టింపయ్యేది అక్కడే. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు దాటొద్దు. మూడు నెలల్లోపు పసిబిడ్డకి జ్వరమొస్తే మాత్రం ఇంట్లో చూడొద్దు, తిన్నగా ఆసుపత్రికే.

పాము కాటు, గుండెల్లో బరువు, ఆయాసం, ఫిట్స్ అయితే ఏ రాత్రైనా 108కే ఫోను. మూతి వంకరపోయినా, మాట తడబడినా అంతే. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే, తెల్లారనిద్దాం అనుకుంటే ఆ గడువు ఇంట్లోనే అయిపోతుంది. పాము కరిచినచోట కట్లు కట్టొద్దు, కొయ్యొద్దు.

ఎక్కడికెళ్లినా పాత రిపోర్టులు, మింగుతున్న మాత్రల అట్టలు ఒకే కవర్లో వేసి పట్టుకెళ్లండి. 'తెల్లమాత్ర, గుండ్రంగా ఉంటాది' అంటే ఏ డాక్టరూ పోల్చలేడు.