నలుసు పడినా నొప్పి తెలియని కన్ను

కావలి దగ్గర రొయ్యల గుంటలో మేత చల్లుతుండగా మా నాన్నగారి కంట్లో నలుసు పడింది. ఎన్నో ఏళ్లుగా మధుమేహం ఉన్న ఆయనకు నొప్పే తెలియలేదు. నెల్లూరులో డాక్టరుగారు పసుపు రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూపినప్పుడు, నల్లగుడ్డు మీద గీత పచ్చగా మెరవడం కళ్లారా చూశాను.

నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొర కార్నియా. దానికి రక్తనాళాలు ఉండవు గాని నాడుల కొసలు దట్టంగా ఉంటాయి. అధిక చక్కెర వాటిని దెబ్బతీయడంతో స్పర్శ తగ్గి, పుండు మానడం ఆలస్యమవుతుంది. చుక్కల మందు వేసినా కన్నీరు కొద్ది నిమిషాల్లోనే కడిగేస్తుంది, 5 శాతం కూడా లోపలికి చేరదు. మందును మోసే అతి సూక్ష్మమైన నానో కణాల మీద నాకు ఆశ కలిగింది ఇందుకే. మనం చెత్తగా పారేసే రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థంతో చేసిన కణానికి ధనావేశం ఉంటుంది కనుక, రుణావేశం గల కంటి జిగురు పొరను అంటిపెట్టుకొని అది మందును ఎక్కువసేపు నిలుపుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధకులైతే, పాలీమాలిక్ ఆమ్లంతో చేసిన నానో వాహకాలతో, గాయం మానడాన్ని అడ్డుకునే ఎంఎంపీ-10, కెథెప్సిన్-ఎఫ్ ఎంజైములను అణచి, మధుమేహుల నుంచి సేకరించి ప్రయోగశాలలో ఉంచిన కార్నియాలలో గాయాలు త్వరగా మానేలా చేశారు.

అటువంటి మందు చేతికందేదాకా, రోజూ సాయంత్రం టార్చిలైటు వేసి నాన్నగారి కళ్లు నేనే పరీక్షగా చూస్తున్నాను.