షోఫార్ ఊదేవాళ్ల కోసం
రోష్ హషానా, అంటే యూదుల కొత్త సంవత్సరం పండగ, అనగానే తేనెలో ముంచిన యాపిల్ ముక్కే చాలామందికి గుర్తొస్తుంది. కానీ ఆ రోజు అసలు విధి షోఫార్ అనే కొమ్ముబూర నాదం చెవిన పడటం. పొట్టేలు కొమ్ము శ్రేష్ఠం, ఆవు కొమ్ము పనికిరాదు. నిలువునా చీలిన కొమ్మును జిగురుతో అతికించినా చెల్లదు.

తెకియా ఒకే దీర్ఘనాదం. షెవారీమ్ మూడు విరుపుల మూలుగు. తెరుఆ తొమ్మిది పొట్టి వెక్కిళ్లు. యూదుల ధర్మగ్రంథం తోరా చెప్పిన నాదం మూలుగా, వెక్కిళ్లా, రెండూ కలిసిందా? తాల్ముద్ (యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) పండితులు ఈ సందేహాన్ని కొట్టిపారేయలేదు, మూడు రకాలూ ఊదమన్నారు. నాకు ఎంతో నచ్చే విషయం ఇది. ఈ రకాలన్నీ తెకియాలతో కలిపి మళ్లీ మళ్లీ ఊదితే మొత్తం 30 నాదాలు. చాలా ప్రార్థనా మందిరాల్లో 100 దాకా ఊదుతారు.

బుగ్గలు ఉబ్బిస్తే గాలే వస్తుంది, నాదం రాదు. పెదాలు బిగించి, కొమ్మును నోటి కుడి మూలన ఆనించి, పెదాలు అదిరేలా ఊదాలి; బలం పొట్టలోంచి రావాలి. లోపల ఉమ్మి చేరితే గరగరమని స్వరం జారిపోతుంది. మధ్యలో ఆగినప్పుడు కొమ్ము వంచి దులపండి. తెకియాకి దమ్మంతా ఖర్చుపెట్టేస్తే తెరుఆ తొమ్మిదికి చేరదు.

పండగ శనివారం, అంటే యూదుల విశ్రాంతి దినాన, పడితే సంప్రదాయ సమాజాల్లో ఆ రోజు ఊదరు. 2026లో మొదటి రోజు, సెప్టెంబరు 12, శనివారమే. అక్కడివాళ్లు ఆదివారం పొద్దుటి కోసం ఎదురుచూడాలి.