ప్లగ్గు తడా, పొడా? (చైన్‌సా స్టార్ట్ అవ్వకపోతే)

తుఫాను వెళ్లిపోయిన మర్నాడు పొద్దున్న మా భీమిలి వైపు తోటల్లో ముందుగా వినపడేది చెట్లు కోసే చప్పుడు కాదు, చైన్‌సా స్టార్ట్ అవ్వని చప్పుడు. గర్ర్... గర్ర్... మధ్యలో ఒక తిట్టు, మళ్లీ గర్ర్.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వైజాగ్‌లో చెట్టన్నది మిగల్చకుండా ఊడ్చేసినప్పుడు, గేటుకి అడ్డంగా పడ్డ చెట్టు కొట్టడానికి మనిషి దొరకలేదు. దొరికినవాడు అడిగిన రేటుకి నోట మాట రాలేదు. ఆ దెబ్బకి తర్వాత మా చుట్టుపక్కల జీడితోట, కొబ్బరితోట ఉన్నవాళ్లలో చాలామంది తలా ఒక మిషన్ కొనేసుకున్నారు. బాగానే ఉంది. కానీ ఏడాదిలో ఎక్కువ భాగం అది మోటార్ షెడ్డులో ఓ మూల, ట్యాంకులో సగం పెట్రోల్‌తో పడి ఉంటుంది. పని పడేది అందరికీ ఒకే రోజు. ఆ రోజు కరెంటు ఉండదు, మెకానిక్ ఫోన్ ఎత్తడు, షాపులు తెరవరు. అందుకే ఎవరికి వాళ్లు చూసుకోగలిగినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

కంచరపాలెంలో పాత టూ స్ట్రోక్ స్కూటర్లు బాగుచేస్తూ తల నెరిసిన బాబాయ్ ఒకాయన ఉన్నాడు. చైన్‌సా పట్టుకెళ్తే దాన్ని ముట్టుకోడు, మోడలేంటని కూడా అడగడు. "తాడు తరవాత లాగొచ్చు గానీ బాబూ, ప్లగ్గు తడిగుందా పొడిగుందా? ముందది సెప్పండి" అంటాడు. ప్లగ్గంటే ఇంజన్‌లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గు. నన్నడిగితే మొత్తం విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, అంటుకోవడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఇది తేల్చుకోకుండా కార్బొరేటర్ మీద పడితే రోజంతా గడిచిపోతుంది.

ప్లగ్గు ఇప్పే ముందు అసలు స్టార్ట్ చేసే పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. స్విచ్ ఆన్‌లో ఉండాలి (నవ్వకండి, కారులోంచి దింపేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయిపోతుంది). మిషన్‌ని నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ ముందుకి నెట్టి, ఎడమ చేత్తో ముందు హ్యాండిల్ గట్టిగా అదిమి, కుడికాలి బూటు మొన వెనక హ్యాండిల్‌లో దూర్చి అప్పుడు లాగాలి. గాల్లో ఊపుతూ తాడు లాగడం వీడియోల్లో స్టైల్‌గా ఉంటుంది గానీ, ఒక్కసారిగా అంటుకుంటే తిరిగే చైన్ తొడ పక్కనే ఉంటుంది. చల్లటి ఇంజన్‌కి చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ వెళ్లేలా చేసే మీట) పూర్తిగా వెయ్యాలి. రబ్బరు బుడగ ఉన్న మోడలైతే దాన్ని నొక్కుతూ పెట్రోల్ కనపడేదాకా ఆగాలి. లాగుతూ ఉంటే ఒక చోట చిన్నగా "టప్" అంటుంది, అంటుకున్నట్టే అంటుకుని ఆగిపోతుంది. అసలు కిటుకు అక్కడుంది. ఆ టప్ వినగానే చోక్ తీసేసి, సగం చోక్ పొజిషన్ ఉంటే అందులో పెట్టి మళ్లీ లాగాలి, స్టార్ట్ అవుతుంది. సముద్రం గాలి హోరులో, పక్కన నలుగురు సలహాలిస్తూ ఉంటే ఆ టప్ వినపడదు. ఫుల్ చోక్‌లోనే లాగుతూ పోతారు, సిలిండర్ నిండా పెట్రోల్. నాలుగైదు సార్లు లాగినా టప్ అనకపోతే ఆగిపోండి, ఇంకా లాగడం వల్ల భుజం నొప్పి తప్ప వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు ప్లగ్గు. మిషన్‌తో పాటు ఇచ్చిన టీ పానా సరిపోతుంది. పై మూత తీస్తే ఎయిర్ ఫిల్టర్ ఎదురుగానే కనిపిస్తుంది కాబట్టి దాన్నీ ఓ చూపు చూడండి. సరుగుడు కోశాక వచ్చే పొట్టు మరీ మెత్తగా ఉండి, ఆయిల్‌తో కలిసి ముద్దలా అట్టకడుతుంది. గాలి ఆడకపోతే చోక్ వేసినట్టే లెక్క. జాలీ రకమైతే సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి, ఫెల్ట్ (మందపాటి గుడ్డలా ఉండే) రకమైతే తట్టి దులిపితే చాలు.

ప్లగ్గు కొస తడిగా, పెట్రోల్ వాసన కొడుతూ వచ్చిందా? ఫ్లడ్ అయిందన్నమాట. స్విచ్ ఆఫ్ చేసి, చోక్ పూర్తిగా తీసేసి, ప్లగ్గు రంధ్రం మీ వైపు కాకుండా పక్కకి తిప్పి, తాడు బాగా లాగండి. లోపల ఉన్న పెట్రోల్ తుంపరలా బయటికి చిమ్ముతుంది, కళ్లల్లో పడనివ్వకండి, పక్కన బీడీ కాల్చేవాళ్లుంటే దూరంగా పంపేయండి. ప్లగ్గు గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, బిగించి, చోక్ లేకుండా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి లాగండి. పొగ బాగా వదిలి మరీ స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ అయిన మరుక్షణం యాక్సిలరేటర్ వదిలేయాలి, చైన్ బ్రేక్ వేసి రేజ్ చేస్తూ ఉంటే క్లచ్ మాడిపోతుంది.

అయినా వినకుండా ప్రతిసారీ తడి ప్లగ్గే వస్తుంటే ప్లగ్గుకి వచ్చే కరెంటుని అనుమానించాలి. పెట్రోల్ ఆరేదాకా ఆగి, ప్లగ్గు రంధ్రం నుంచి దూరంగా, ప్లగ్గుని క్యాప్‌లో పెట్టి, దాని మరలు ఇంజన్ ఇనుముకి తగిలేలా పట్టుకుని, స్విచ్ ఆన్ చేసి తాడు లాగాలి. ఎండలో నిప్పురవ్వ కనపడదు, నీడలోకి తీసుకెళ్లండి. నీలంగా, టిక్కుమని దూకితే బాగున్నట్టు. ఎర్రగా, నీరసంగా వస్తే ముందు కొత్త ప్లగ్గు పెట్టండి, అది చవకైన వస్తువే. చాలా మోడల్స్‌కి గ్యాప్ 0.5 మిల్లీమీటర్ ఉంటుంది.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఇంకోటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న షెడ్డులో ఏదైనా తుప్పు పట్టకుండా ఉంటుందా? ప్లగ్ క్యాప్ లోపల చిన్న స్ప్రింగ్ ఉంటుంది, అది తుప్పు పట్టి ప్లగ్గుకి సరిగ్గా తగలదు. క్యాప్ కొంచెం తిప్పి బయటికి లాగి చూస్తే ఎర్రటి పొడి రాలుతుంది. స్విచ్ దగ్గర కూడా ఇదే గోల. స్విచ్ ఆన్ చేసినా లోపల వైరు బాడీకి తగులుతూ ఉంటే కరెంటు అసలు ప్లగ్గు దాకా రాదు. కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) నుంచి స్విచ్‌కి వెళ్లే సన్న వైరు పీకి చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు కరెంటు వచ్చిందంటే కాయిల్ మంచిదే, తప్పు స్విచ్‌ది. ఆ వైరు పీకి ఉండగా మాత్రం ఇంజన్ స్టార్ట్ చెయ్యకండి, స్విచ్‌తో ఆగదు. పొరపాటున స్టార్ట్ అయితే చోక్ వేసి ఆపాలి. కాయిల్‌కీ ఫ్లైవీల్ మాగ్నెట్‌కీ మధ్య ఖాళీ విజిటింగ్ కార్డు మందం. అక్కడ తుప్పు ఉంటే గరుకు కాగితంతో (ఎమరీ పేపర్) రుద్దితే చాలు.

పొడి ప్లగ్గు సంగతి వేరు. పది నెలలు పడుకున్న మిషన్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే, అందులోనూ దొంగ ఎక్కువసార్లు పాత పెట్రోలే.

2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు ఎక్కడ కొట్టించినా దాదాపు అదే. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం, గాల్లో తేమని లాక్కుంటుంది. వైజాగ్ గాలిలో తేమకి కొదవేముంది? సగం ఖాళీ ట్యాంకు వర్షాకాలమంతా అలాగే ఉంటే, ఒక స్థాయి దాటాక నీళ్లూ ఇథనాల్ కలిసి పెట్రోల్‌ నుంచి విడిపోయి అడుగుకి దిగిపోతాయి. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది ఎక్కడ? అడుగునే. అంటే ఇంజన్ ముందుగా పీల్చేది ఆ నీళ్ల సరుకే. పైగా మీరు కలిపిన టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ కోసం పెట్రోల్‌లో కలిపేది) పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది కాబట్టి, ఒకవేళ ఇంజన్ ఎలాగోలా తిరిగినా ఆయిల్ లేకుండా తిరిగి పిస్టన్ గీతలు పడుతుంది. నమ్మకం కుదరకపోతే ట్యాంకులోది ఒక తెల్ల గాజు సీసాలోకి వంపి, కదపకుండా కాసేపు గట్టు మీద పెట్టండి. పైన ఆయిల్ రంగు, కింద నీళ్లలా ఇంకో పొర, మధ్యలో సన్నటి గీత. అది కనిపిస్తే ఆ పెట్రోల్ మీద ఇంక ఆశ వదులుకోండి. గీత లేకపోయినా, పుల్లటి వార్నిష్ వాసన వస్తుంటే కూడా అంతే. మొత్తం పారేసి (డ్రైనేజీలో పొయ్యకండి) కొత్తది లీటరు మాత్రమే తెచ్చుకోండి.

ఆయిల్ కలపడంలో "కొంచెం ఎక్కువైతే ఇంజన్‌కి మంచిదేలే" అనే మాట నాకస్సలు నచ్చదు. 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మీ మిషన్ ఏదడుగుతుందో ట్యాంకు మూత దగ్గరో పుస్తకంలోనో ఉంటుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్‌లో ఉండే చిన్న జాలీకి మసి పట్టి మూసుకుపోతుంది, అప్పుడు ఇంజన్‌కి ఊపిరి ఆడదు. తక్కువైతే జామే.

కొత్త పెట్రోల్ పోశాక కూడా పొడి ప్లగ్గే వస్తోందా? ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల పెట్రోల్ వేసి, ప్లగ్గు బిగించి లాగండి. రెండు సెకన్లు తిరిగి ఆగిపోయిందంటే కరెంటూ బాగుంది, కంప్రెషనూ (సిలిండర్ లోపలి ఒత్తిడి) ఫర్వాలేదు, దారిలోనే ఎక్కడో పెట్రోల్ ఆగుతోంది. చివర వంచిన తీగతో ట్యాంకులోంచి పైపు బయటికి లాగి, కొసనున్న ఫిల్టర్ చూడండి. జిగురు పట్టి గోధుమ రంగులో ఉంటే మార్చేయడమే. పైపుని వేళ్లతో వంచి చూడండి, పగుళ్లుంటే పెట్రోల్ బదులు గాలి పీలుస్తుంది. ట్యాంకు మూత కొద్దిగా వదులు చేస్తే స్టార్ట్ అయి బిగిస్తే ఆగుతోందంటే లోపలికి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కార్బొరేటర్. దీంట్లో ఫ్లోట్ ఉండదు, పల్చటి డయాఫ్రమ్ (పొర) ఉంటుంది. అది మెత్తగా ఊగాలి, ఎండిన తమలపాకులా పెళపెళలాడితే దాని పని అయిపోయినట్టే. కిట్ దొరుకుతుంది, పంపుసెట్లు, స్ప్రేయర్లు అమ్మే షాపుల్లో అడగండి. ఇప్పేటప్పుడు ఏ పొర మీద ఏది ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి, గాస్కెట్, డయాఫ్రమ్ అటూ ఇటూ అయితే జన్మలో స్టార్ట్ అవ్వదు. పక్కనున్న ఎల్, హెచ్ స్క్రూల (పెట్రోల్ ఎంత వెళ్లాలో సెట్ చేసేవి) జోలికి మాత్రం వెళ్లకండి. స్క్రూడ్రైవర్ చేతిలో ఉన్న ప్రతివాడి కన్నూ ముందు వాటి మీదే పడుతుంది. పోయినసారి బ్రహ్మాండంగా కోసిన మిషన్‌కి స్క్రూలు షెడ్డులో కూర్చుని వాటంతటవే తిరిగిపోవు కదా!

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కి ఆపాక మళ్లీ అవ్వకపోతే కొంచెం టెన్షన్ పడాల్సిందే. కాయిల్ పోతుండొచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. స్విచ్ ఆఫ్ చేసి, తాడు పిడి పట్టుకుని మిషన్‌ని కాస్త వేలాడదీయండి. ఆగి ఆగి దిగితే సరే, సర్రున జారిపోతే రింగులైనా పిస్టనైనా అరిగినట్టు. సైలెన్సర్ ఇప్పి టార్చ్ వేస్తే పిస్టన్ కనిపిస్తుంది, నిలువు గీతలు ఉంటే మీ చేతిలో పని కాదు, మెకానిక్ దగ్గరికే.

నేను ఇప్పుడు పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా తిప్పి పెడుతున్నాను. సెప్టెంబర్‌లో ఒకసారి బయటికి తీసి, కొత్త పెట్రోల్ పోసి, ఓ ఎండుకొమ్మ కోసి చూస్తాను. ఒక ప్లగ్గు, ఒక ఫిల్టర్, ఓ గజం స్టార్టర్ తాడు డబ్బాలో ఉంచుతాను, వానలో అవి ఎక్కడా దొరకవు.

ఇంజన్ స్టార్ట్ అయింది గానీ చైన్ తిరగడం లేదంటారా, నాకు ఫోన్ చేసే ముందు చైన్ బ్రేక్ వెనక్కి లాగారో లేదో చూడండి.