నా నమూనా చెప్పిన సంగతి
శ్రీకాకుళం జిల్లాలో నాగావళికి దగ్గరగా ఉన్న మా ఊళ్లో, గ్రామదేవత పండగ అయిన మర్నాడు నాకు కలరా సోకింది. తెల్లవారుజామున మొదలైన విరేచనాలు పొద్దెక్కేసరికి బియ్యం కడిగిన నీళ్లలా మారాయి. కడుపునొప్పి, జ్వరం లేవు గాని పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో నర్సమ్మ నా పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ఆ మడత అలాగే నిలిచిపోయింది. దూదిపుల్లతో నమూనా తీసుకుని, ఆపైన రింగర్ లాక్టేట్ అనే సెలైను ఆరు సీసాలు ఎక్కించారు. నాలుగో రోజున ఇంటికి వచ్చాను గాని, వీధి చివరిదాకా నడవడానికి రెండు వారాలు పట్టింది.

ఈలోగా, పండక్కి చెన్నై నుంచి వచ్చి నాకంటే ఒక రోజు ముందు మంచాన పడిన మా చిన్నాన్న కొడుకే జబ్బు తెచ్చాడని ఊరు తీర్మానించేసింది. వాళ్లింటికి పాలు పోయడం కూడా మానేశారు.

తరవాత డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. నాలో దొరికినది కలరా క్రిముల్లో ఓ1 ఎల్ టార్ అనే రకం. 1961లో ఇండొనేషియాలో మొదలై దేశదేశాలకు పాకిన ఏడో కలరా మహమ్మారి దానిదే కనుక ఆ పేరొక్కటే ఏమీ తేల్చదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, దాదాపు 40 లక్షల అక్షరాలుండే ఆ క్రిమి జన్యు క్రమాన్నంతా చదివి పోల్చాలి. 2010లో హైతీలో చెలరేగిన కలరాకు మూలం నేపాల్‌లో ఉందని అలాగే పట్టుకున్నారు. రెండు చోట్ల నమూనాల్లో కొన్నింటికి ఒకటి రెండు అక్షరాలే తేడా.

మా ఊరి నమూనాలూ, తమ్ముడిదీ, నాదీ, కింది వీధి ముసలమ్మదీ, ఇంచుమించు ఒకటేనట. "అయితే వాడే తెచ్చాడా?" అన్నాను. ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఈ పోలిక ఒక్కటే చెప్పదనీ, తేదీలు కూడా చూడాలనీ అన్నారు. ముసలమ్మ మంచాన పడింది తమ్ముడు రైలు దిగడానికి రెండు రోజుల ముందు. అంటే ఆ క్రిమి అప్పటికే ఊళ్లో ఉంది. మురుగు కాలువ అడుగున పగిలిన కుళాయి గొట్టం కూడా ఆ వారంలోనే బయటపడింది.

నిజానికి నన్ను బతికించినది ఉప్పునీళ్లే. జన్యువుల సంగతి తెలియకపోయినా కోలుకునేవాణ్ణే. కాని తమ్ముడి మీద పడ్డ నింద సెలైనుతో పోయేది కాదు.

ఆ మాట చెబుదామని వాళ్లింటికి వెళ్తే, పిన్ని గ్లాసు చేతికిస్తూ, "కాసిన నీళ్లేరా బాబూ, తాగు" అంది.