బెర్లిన్ నుంచి ఇస్తాంబుల్ దాకా: బండి ఆపినవాళ్లు

బెర్లిన్ నుంచి ఇస్తాంబుల్‌కు రోడ్డు మార్గాన దాదాపు 2,200 కిలోమీటర్లు. 2023 వేసవిలో ఆ దూరమంతా టికెట్టు కొనకుండా, దారిలో లిఫ్టు అడుగుతూ వెళ్లాను. యూరప్‌లో హిచ్‌హైకింగ్ అనగానే అందరూ సాహసం గురించి అడుగుతారు. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం బండి ఆపినవాళ్ల గురించి. నా కోసం ఆగినవాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే దారిలో పరాయివాళ్లుగా నిలబడి ఎదురుచూసినవాళ్లే.

ఈ దారినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పశ్చిమ జర్మనీ ఫ్యాక్టరీ పనులకు మనుషులు కావాలని 1961 అక్టోబరులో టర్కీతో, 1968లో యుగోస్లావియాతో ఒప్పందాలు చేసుకుంది. ఇప్పటి స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియాలు అప్పుడు యుగోస్లావియాలోనివే. అలా వచ్చిన లక్షలమంది ప్రతి వేసవిలో కార్ల నెత్తిన సామాన్లు కట్టుకొని ఆస్ట్రియా, యుగోస్లావియా, బల్గేరియాల మీదుగా సొంత ఊళ్లకు బయలుదేరేవారు. ఇప్పుడు వాళ్ల పిల్లలూ మనవలూ జూలై, ఆగస్టు నెలల్లో అదే దారి పడుతున్నారు. నేను చదువు కోసం జర్మనీ వచ్చినవాణ్ణి. నాలాంటి తెలుగు విద్యార్థులకు ఇంటికి వెళ్లడమంటే విమానం టికెట్టు ధర చూసి, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవడమే. కారెక్కి అమ్మానాన్నల ఊరికి వెళ్లిపోగలిగే వలస కుటుంబాలను చూస్తే ముచ్చటేసేది. ఆ కుటుంబాలు వెళ్లే దారిని వాళ్ల పక్కన కూర్చొని చూడాలనిపించింది.

మా ఊళ్లో ఉన్నప్పుడు కాలేజీకి వెళ్లే బస్సు తప్పితే ట్రాక్టరుకు చెయ్యెత్తేవాణ్ణి. జర్మనీలో అలా కుదరదు. అక్కడి హైవే అయిన ఆటోబాన్ మీద నడవడమే చట్టవిరుద్ధం. పెట్రోలు బంకూ భోజనశాలా ఉండే విశ్రాంతి స్థలాల్లో, మనిషి దగ్గరికి వెళ్లి, నమస్కారం చెప్పి, ముఖం చూసి అడగాలి. బెర్లిన్‌లో లోకల్ రైలెక్కి నికొలాస్‌జే స్టేషన్లో దిగి కాస్త నడిస్తే గ్రునెవాల్డ్ విశ్రాంతి స్థలం వస్తుంది. దక్షిణానికి వెళ్లేవాళ్లు ఎన్నో ఏళ్లుగా లిఫ్టు అడిగే చోటు అదే. అక్కడ నంబరు ప్లేట్లు చదవడం రావాలి. బండి ఏ జిల్లాలో రిజిస్టరైందో మొదటి అక్షరాలే చెబుతాయి. ఎల్ అంటే లైప్‌జిగ్, ఎన్ అంటే న్యూరెంబర్గ్, ఎం అంటే మ్యూనిక్. ఇంకో సంగతి, ఎంత మంచి మనిషి ఎక్కించుకున్నా ఊరి నడిబొడ్డున దిగకూడదు. ఊరికి ముందో వెనకో హైవే మీదున్న బంకులోనే దించమని అడగాలి. లేకపోతే మళ్లీ రోడ్డెక్కడానికే సగం పూట పడుతుంది.

మొదట ఎక్కించుకున్నది డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. బైరాయిత్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళుతున్నారు. "నా వయసులో ఉన్న ఆడదాన్ని అడగడానికి మొహమాటపడలేదా?" అని అడిగారు. పడ్డానన్నాను. ఆవిడ తూర్పు జర్మనీలో పుట్టి పెరిగారు. యువతిగా ఉన్నప్పుడు ఇలాగే లిఫ్టులు అడుగుతూ చెకోస్లోవాకియా, హంగరీ, రొమేనియా దాటి బల్గేరియాలోని నల్ల సముద్రం దాకా వెళ్లారట. పడమటి వైపు వెళ్లడానికి వీల్లేని రోజుల్లో ఆ తీరమే వాళ్లకు దక్షిణ సముద్రం. రుడోల్ఫ్‌స్టైన్ దగ్గర రోడ్డుకు అడ్డంగా, వంతెనలా పైన కట్టిన భోజనశాల కనిపించగానే ఆవిడ వేగం తగ్గించారు. 1989 దాకా రెండు జర్మనీల మధ్య సరిహద్దు అక్కడే. "అప్పట్లో నాకు ఈ రోడ్డు ఇక్కడితో అయిపోయేది" అన్నారు. తను దిగాల్సిన దారి వదిలేసి, ఇంకో ఇరవై కిలోమీటర్లు ముందుకు వచ్చి, పెగ్నిట్జ్ దగ్గరి విశ్రాంతి స్థలంలో నన్ను దించారు. సంచిలోంచి రెండు ఆపిల్ పళ్లు తీసి ఇచ్చి మరీ వెనక్కి మళ్లారు.

అక్కడ మరికొందరు హిచ్‌హైకర్లు కలిశారు. పోలండ్ నుంచి వచ్చిన ఒక జంట తమ దేశపు ముచ్చట చెప్పారు. 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వమే హిచ్‌హైకర్ల కోసం కూపన్ల పుస్తకాలు తెచ్చింది. ఎక్కించుకున్న డ్రైవరుకు కిలోమీటర్ల లెక్కన కూపన్లు చించి ఇస్తే, ఆ డ్రైవర్లు వాటిని పంపి లాటరీలో బహుమతులు గెలుచుకునేవారు. దయకు కూడా ఒక ఏర్పాటు చేసిన ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఒంటరిగా ప్రయాణిస్తున్న ఒక జర్మన్ విద్యార్థిని మాత్రం తన జాగ్రత్తలు చెప్పింది. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో తీసి స్నేహితురాలికి పంపుతుంది, ఆ సంగతి డ్రైవరుకు వినబడేలా చెబుతుంది, మనసు ఒప్పకపోతే కారణం చెప్పకుండా వద్దంటుంది. ఆమె చెప్పింది ఇక్కడ రాయడం అవసరమనుకుంటున్నాను. మగవాణ్ణి కాబట్టి నాకు ఈ ప్రయాణం ఎంత సులువో ఆమె మాటలు వింటుంటేనే అర్థమైంది.

అందరూ ఆపుతారని కాదు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దాటాక ఒక బంకులో మధ్యాహ్నమంతా నిలబడ్డాను. నన్ను చూడగానే తలుపులు లాక్ చేసుకున్నవాళ్లున్నారు. అడగకముందే చెయ్యి ఊపినవాళ్లూ ఉన్నారు. నా రంగు చూసి వెనక్కి తగ్గారా, అలసిపోయి ఉన్నారా, కారులో చోటు లేదా అన్నది ఒక్కొక్కరి విషయంలో తేల్చుకోలేం. తేల్చుకోవాలని చూస్తే తర్వాతి మనిషిని నవ్వుతూ అడగలేం. ఆ పూట నేను గట్టిగా పట్టుకున్న నియమం అదొక్కటే.

సాయంత్రం ఒకాయన తనే నా దగ్గరికి వచ్చి ఎక్కడికని అడిగాడు. బోస్నియాలోని బంజా లుకాకు వెళుతున్నాడు. పొద్దుటి నుంచి ప్రయాణంలో ఉన్నానంటే, ముందు ఏమైనా తిన్నావా అన్నాడు. టౌయర్న్ పర్వతాల కిందుగా ఆరు కిలోమీటర్లకు పైగా సాగే సొరంగం దాటి, ఆస్ట్రియాకూ స్లొవేనియాకూ మధ్య ఉన్న కరవాంకెన్ సొరంగం దగ్గరికి చేరేసరికి బండ్ల బారు కదలడం లేదు. అప్పట్లో వేసవి శనివారాల్లో అక్కడ అంతే. ఇంజను ఆపేసి ఆయన చెప్పాడు. 1992లో బోస్నియా యుద్ధం మొదలైనప్పుడు ఆయనకు పదేళ్లు. తల్లీ చెల్లెలితో కలిసి ఈ కొండకు అటువైపు నుంచి వచ్చాడు. రొట్టెలు పంచే వ్యాను నడిపే ఒక ఆస్ట్రియన్ వాళ్లను ఎక్కించుకొని ఫిల్లాక్ పట్నంలో దించాడు. వెనక రొట్టెల ట్రేల మధ్య కూర్చున్నారట. "తినండి అన్నాడు. అమ్మ డబ్బు ఎంతని అడిగింది. ఆయనకు మా భాష రాదు, అమ్మకు ఆయన భాష రాదు. అమ్మ ఒక్క రొట్టె తీసుకుని మా ఇద్దరికీ పంచింది. దిగేటప్పుడు ఆయన ట్రే మొత్తం మా చేతుల్లో పెట్టాడు." ఆ యుద్ధకాలంలో జర్మనీ ఒక్కటే మూడు లక్షలకు పైగా బోస్నియన్లకు ఆశ్రయమిచ్చింది. ఈ సంఖ్య నేను ఎప్పుడో చదివాను. ఆ రొట్టెల ట్రే గురించి విన్నాకే దాని బరువు తెలిసింది.

ల్యుబ్లియానా దాటి, జాగ్రెబ్ దాటి రాత్రంతా వెళ్లాం. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో క్రొయేషియా ఆ ఏడాది జనవరిలోనే చేరడంతో బ్రెగానా సరిహద్దులో ఖాళీ కేబిన్ల పక్కనుంచి ఆగకుండా దాటిపోయాం. ఆ తర్వాత అంతా క్రొయేషియాలోని స్లవోనియా మైదానం, తెల్లవారేసరికి రెండు వైపులా మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చేలు. జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్ దాకా ఈ రోడ్డును రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యుగోస్లావియా యువజన దళాలు కట్టాయి. సోదరభావం, ఐక్యత అని దానికి పేరు పెట్టారు. 1990ల యుద్ధంలో ఒకుచాని దగ్గర అదే రోడ్డు రెండు సైన్యాల మధ్య తెగిపోయింది. ఆయన బోస్నియాకు మళ్లాల్సిందీ ఒకుచాని దగ్గరే. అంతకు ముందున్న బంకులో నన్ను దించి, అక్కడ పనిచేసే క్రొయేషియా కుర్రాడితో ఏదో చెప్పి వెళ్లాడు. ఆ కుర్రాడు నా చేత కాఫీ తాగించి, బెల్‌గ్రేడ్ నంబరున్న ప్రతి బండి దగ్గరికీ తనే వెళ్లి అడిగాడు. చివరికి ఒక సెర్బియన్ కుటుంబం ఒప్పుకుంది. బోస్నియన్ అప్పగిస్తే, క్రొయేషియన్ అడిగితే, సెర్బులు ఎక్కించుకున్నారు. 1990ల యుద్ధాల్లో ఆ ముగ్గురి దేశాల మధ్య ఏం జరిగిందో తెలిసినవాళ్లకు నేనేమీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బెల్‌గ్రేడ్‌లో రాత్రి నిద్ర, దక్షిణాన టోల్‌గేటు, అక్కడినుంచి సెర్బియాలోనే ఉన్న నిష్ దాకా ఒక ఎలక్ట్రీషియన్ వ్యాను. ఇదంతా సాఫీగానే గడిచింది. నిష్ శివార్లలో మాత్రం ఎండ మండిపోతోంది. రోడ్డు పక్కన పుచ్చకాయలు అమ్మే పెద్దాయన నన్ను కాసేపు చూసి, తన గొడుగు కిందికి రమ్మని చెయ్యి ఊపాడు. ఒక కాయ కోసి సగం నాకిచ్చాడు. మా ఇద్దరికీ కలిసిన భాష లేదు. సోఫియా, ఇస్తాంబుల్ అంటే తల ఊపాడు. కాసేపటికి కాయలు కొనడానికి ఒక టర్కీ లారీ ఆగితే, బేరం మధ్యలో నన్ను చూపించి ఏదో అన్నాడు. నా లిఫ్టు కుదిరాకే కాయల ధర తేల్చాడు.

ఆ లారీలో గడిపిన రోజున్నర ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లారీలో బయటివాళ్లను ఎక్కించుకోవడానికి యజమానులు సాధారణంగా ఒప్పుకోరు. బీమా వర్తించదు, దొరికితే డ్రైవరు ఉద్యోగానికే ముప్పు. అందుకే ఆయన గురించి ఎక్కువ వివరాలు రాయను. యాభై దాటిన మనిషి, జర్మన్ మాటలు ఓ వంద వచ్చు. యూరప్ నియమాల ప్రకారం లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి. ఆపిన ప్రతిసారీ ఆయన లారీ పక్కనున్న పెట్టె తలుపు కిందికి దించేవాడు. అదే వంటబల్ల. లోపల చిన్న గ్యాస్ స్టవ్వు, ఒకదాని మీద ఒకటి పెట్టే రెండు టీ కెటిళ్లు, నడుము సన్నంగా ఉండే గ్లాసులు, పచ్చిమిరపకాయలు, టమాటాలు, గుడ్లు. పక్క లారీల వాళ్లు కుర్చీలు తెచ్చుకుని చేరేవారు. నేను ఉల్లిపాయలు తరిగాను. మిరపకాయ పచ్చిది కొరుక్కుతింటుంటే వాళ్లంతా మెచ్చుకున్నారు. ఎక్కడివాడివి, పెళ్లయిందా, అమ్మానాన్న ఏం చేస్తారు, ఇంత దూరం పంపి ఎలా ఉంటున్నారు? మన ఊళ్లో అడిగే ప్రశ్నలే వరసగా అడిగారు. రాత్రి బల్గేరియాలో ప్లొవ్‌దివ్ దాటాక ఆగినప్పుడు పై బెర్తు నాకిచ్చాడు. పడుకునే ముందు ఫోనులో తన కూతురి ఫొటో చూపించాడు. నర్సింగ్ చదువుతోంది, జర్మనీ వెళ్లాలనుకుంటోంది. అక్కడ ఒంటరిగా ఉండేవాళ్లకు ఎలా ఉంటుందని నన్ను చాలాసేపు అడిగాడు. చలికాలం గురించి, అద్దెల గురించి, భాష వస్తే ఎంత తేడా ఉంటుందో, ఉన్నదున్నట్టు చెప్పాను. లిఫ్టు ఇచ్చినవాళ్లు డబ్బు తీసుకోరు. వాళ్లకు నేను ఇవ్వగలిగింది ఇలా మాట్లాడటం, వాళ్లు చెప్పేది శ్రద్ధగా వినడం.

బల్గేరియా, టర్కీల మధ్య ఉన్న కాపికులె ప్రపంచంలోనే రద్దీ ఎక్కువగా ఉండే రోడ్డు సరిహద్దుల్లో ఒకటి. లారీల వరస వేరు, ఎంతసేపు పడుతుందో చెప్పలేం. కార్ల వరసలో ఉన్న ఒక కుటుంబంతో మాట్లాడి ఆయనే నన్ను అప్పగించాడు. డార్ట్‌మండ్ నంబరు వ్యాను, లోపల మూడు తరాలు. నా కోసం సామాన్లు సర్ది, ఒక సీటు ఖాళీ చేశారు. తాతగారు 1970 ప్రాంతంలో ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు. అప్పట్లో యుగోస్లావియాలో చాలా దూరం ఒక్కో వైపు ఒక్కో వరసే ఉండే రోడ్డు, నిద్రమత్తులో ఎదురెదురుగా గుద్దుకునే బండ్లు. ఆ దారిలో పోయిన స్నేహితుల పేర్లు ఆయన వరసగా చెబుతుంటే కోడలు నెమ్మదిగా జర్మన్‌లోకి మార్చి చెప్పింది. వరస గంటల తరబడి కదల్లేదు. ముందు కారువాళ్లు పొద్దుతిరుగుడు గింజలు పంచారు, మావాళ్లు ఆలివ్‌లూ జున్నూ పంచారు, పిల్లలు బండ్ల మధ్య బంతాట ఆడారు. సరిహద్దు అధికారి నా ఈ-వీసా చూసి, ఈయన మీకు ఏమవుతాడని అడిగినట్టున్నాడు. తాతగారి జవాబుకు ఆయన నవ్వి ముద్ర వేశాడు. ఏమన్నారని అడిగితే కోడలు చెప్పింది: "మా అతిథి అన్నారు."

సరిహద్దు దాటాక వచ్చే ఎదిర్నే పట్నంలో సెలీమియే మసీదు మినార్లు దూరం నుంచే కనిపించాయి. ఒట్టోమన్ కాలపు వాస్తుశిల్పి సినాన్ కట్టిన ఆ మసీదు దగ్గర కాసేపు ఆగాం. భోజనం డబ్బులు ఇవ్వబోతే తాతగారికి నిజంగానే కోపం వచ్చింది. ఆ కుటుంబం కోన్యా వెళ్లాలి. అయినా ఇస్తాంబుల్ మొదట్లో హైవే దిగి, మెట్రో స్టేషన్ మెట్ల దాకా తెచ్చి నన్ను దించారు.

మర్నాడు పొద్దున లారీ డ్రైవరుకు ఫోను చేసి క్షేమంగా చేరానని చెప్పాను. కస్టమ్స్ పని తేలక ఆయన ఇంకా ఎదిర్నే దగ్గరే ఉన్నాడు. డార్ట్‌మండ్ వాళ్లు దారిలో భోజనం పెట్టారా అని అడిగాడు. పెట్టారన్నాను. కూతురి నంబరు పంపుతాను, జర్మనీ గురించి నాకు చెప్పినవన్నీ తనకు చెప్పు అన్నాడు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి ఫోను చేసింది. గంటసేపు మాట్లాడుకున్నాం.